చెన్నైలో తెలుగు యువత, పెళ్లికి ముందు సంబంధాలు: స్నేహితుల ప్రభావాన్ని కొలిచేదెలా?

పెరుంగుడి_పంతులు

అందరికీ నమస్కారం. సోషల్ వర్క్ పీజీ ఆఖరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టు ఒకటి ఉంది, సలహాలు కావాలి. నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపుల నుంచి చదువుకో, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) కంపెనీల్లో ఉద్యోగానికో చెన్నై వచ్చి పెరుంగుడి, షోళింగనల్లూరు, వేళచ్చేరి హాస్టళ్లలో, పీజీల్లో (పేయింగ్ గెస్ట్ వసతుల్లో) ఉంటున్న పెళ్లికాని తెలుగువాళ్లు, 18 నుంచి 24 ఏళ్ల వయసువాళ్లు. పెళ్లికి ముందు లైంగిక సంబంధాల విషయంలో స్నేహితులు, ఇల్లు, ఉంటున్న చోటు, ఫోను ఎవరిని ఎటు లాగుతున్నాయన్నది అంశం.

చిత్తుప్రతి ఇదీ: ముఖాముఖి ఇంటర్వ్యూలు, 40 ప్రశ్నలు, 150 మంది. అసలు ప్రశ్న: "మీ నిర్ణయం మీద స్నేహితుల ప్రభావం ఎంత? చాలా / కొంత / లేదు."

మొహమాటపడకుండా తప్పులు చెప్పండి. ఇది మంచా చెడా అన్న వాదన మాత్రం ఇక్కడ వద్దు, దానికి వేరే థ్రెడ్ ఉంది.

గణాంకాల_గంగాధరం

ముందు ఆ అసలు ప్రశ్నే తీసేయండి. తన ప్రవర్తనకు కారణమేమిటో మనిషిని అడిగి తెలుసుకోలేం. "నా ఇష్టం, ఎవరి ప్రభావమూ లేదు" అని అబ్బాయిలు ధీమాగా రాస్తారు. సంగతి బయటపడితే ఇబ్బంది అనుకున్నవాళ్లు "స్నేహితుల వల్లే" అని రాసి తప్పించుకుంటారు. ప్రభావం అనేది మనం లెక్కలో తేల్చాల్సింది, వాళ్ల నోట చెప్పించాల్సింది కాదు.

దాని బదులు రెండు ప్రశ్నలు పెట్టండి. ఒకటి: "మీకు బాగా దగ్గరైన అయిదుగురు స్నేహితుల్లో ఎంతమందికి లైంగిక అనుభవం ఉందని మీరు అనుకుంటున్నారు?" 0 నుంచి 5 వరకు అంకెలు. రెండు: "మీకు అలాంటి సంబంధం ఉందని తెలిస్తే ఆ అయిదుగురిలో ఎంతమంది తప్పుబడతారు?" మొదటిది నలుగురూ చేస్తున్నారనుకునేది, రెండోది నలుగురూ ఒప్పుకుంటారనుకునేది. ఈ రెండింటినీ కలిపేస్తే ఏమీ తేలదు, ఎందుకంటే రెండూ ఒకే దిక్కుకు లాగాలని లేదు. "అందరూ చేస్తున్నారు, కానీ బయటపడితే ఎవరూ ఊరుకోరు" అనుకునే అమ్మాయి పరిస్థితి ఒక్క సగటు అంకెలో కనిపించదు.

పక్కవాళ్లు చేస్తున్నారనుకునేది సాధారణంగా నిజం కంటే ఎక్కువే ఉంటుంది. అమెరికా కాలేజీల్లో తాగుడు మీద, లైంగిక సంబంధాల మీద జరిగిన సర్వేల్లో ఇది పదే పదే తేలిన సంగతి. అనుభవం ఉన్నవాడు గదిలో కూర్చుని చెబుతాడు, లేనివాడు లేదని చాటింపు వేయడు. వింటున్నవాళ్లకు చెప్పినవాళ్లే లోకమంతా. అందుకే అదే హాస్టల్లో రహస్యంగా వచ్చిన అసలు లెక్కను, వాళ్లు ఊహించిన లెక్కను పక్కపక్కన పెట్టండి. ఆ తేడా మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన అంకె అవుతుంది.

150 మంది సరిపోరు. 15 శాతం దగ్గర ఉండవచ్చనుకుని, అటూ ఇటూ 5 శాతం తేడాతో, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 196 మంది కావాలి. అదీ ఒక్కొక్కరినీ విడివిడిగా చీటీ తీసి ఎంచుకుంటేనే. మీరు హాస్టళ్లను ఎంచుకుని, వాటిలో మనుషులను ఎంచుకుంటున్నారు. ఒకే హాస్టల్లో వాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి రెట్టింపు చేయండి: 392. అయిదుగురిలో ఒకరు వద్దంటారనుకుంటే 490 మందిని అడగాలి. పది హాస్టళ్లలో 49 మంది చొప్పున కంటే పాతిక హాస్టళ్లలో 20 మంది చొప్పున తీసుకుంటే మేలు.

ఎర్రగోతం

ముఖాముఖి వద్దే వద్దు. ఈ అంశంలో మన దేశంలో జరిగిన పెద్ద పనుల్లో ఒకటి 2006–07లో ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్, పాపులేషన్ కౌన్సిల్ కలిసి చేసిన యువత సర్వే. ఆరు రాష్ట్రాల్లో జరిగింది, అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రెండూ ఉన్నాయి. 50 వేల మందికి పైగా యువతీ యువకులతో మాట్లాడారు. వాళ్లు కూడా మాటల్లో అడిగినదాంతో ఆగలేదు, చివర్లో ఒక కార్డు ఇచ్చి, జవాబు గుర్తుపెట్టి కవరులో పెట్టి అంటించి ఇమ్మన్నారు. నోటితో లేదన్నవాళ్లలో కొందరు కవరులో అవునన్నారు. రెండూ కలిపి చూస్తే పెళ్లికి ముందు సంబంధం ఉందన్నవాళ్లు యువకుల్లో 15 శాతం, యువతుల్లో 4 శాతం.

మీ పిల్లలు చేయగలిగిన పద్ధతి: ప్రశ్నలు ఆడియోగా రికార్డు చేసి, ఫోనుకో ట్యాబుకో ఇయర్‌ఫోన్లు తగిలించి ఇవ్వండి. ప్రశ్న చెవిలో వినపడుతుంది, తెర మీద అంకె నొక్కితే చాలు. పక్కవాళ్లకు ప్రశ్న కూడా తెలియదు. ఆడియో ఇంకో ఇబ్బందినీ తీరుస్తుంది: చెన్నైలోనే పుట్టి పెరిగిన తెలుగువాళ్లలో ఇంట్లో తెలుగే మాట్లాడినా తెలుగు చదవలేనివాళ్లు చాలామంది. వచ్చినవాళ్లతో పోల్చడానికి వాళ్లను కూడా సర్వేలో చేర్చండి, బాగా పనికొస్తారు. అమ్మాయిల ట్యాబులో ఆడ గొంతు, అబ్బాయిల ట్యాబులో మగ గొంతు. జవాబు నొక్కగానే తర్వాతి తెర రావాలి, వెనక్కి వెళ్లే బటన్ తీసేయండి. లేకపోతే ట్యాబు అందుకున్న రెండోవాడు మొదటివాడి జవాబులు తిరగేస్తాడు.

శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా సర్వే పెట్టకండి. ప్రతి వారం మాధవరం బస్టాండు నుంచో, సెంట్రల్ నుంచో ఊరెళ్లేవాళ్లు అప్పుడు దొరకరు. ఇంటితో గట్టి బంధం ఉన్నవాళ్లే ఎక్కువగా వెళ్తారు కాబట్టి మీరు కొలవాలనుకున్న ఇంటి ప్రభావం మీ శాంపిల్ లోంచే జారిపోతుంది. మంగళవారం, బుధవారం రాత్రి భోజనాలయ్యాక పెట్టుకోండి. సంక్రాంతికి, ఉగాదికి ముందు వెనకా వారం వదిలేయండి.

వేపచెట్టు

ఆ 15, 4 నాకు కుదరడం లేదు. ఒక అబ్బాయికి సంబంధం ఉందంటే అవతల ఒక అమ్మాయి ఉండాలిగా? నాలుగు రెట్లు తేడా ఎలా వస్తుంది? ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నట్టే కదా.

ఎర్రగోతం

కొంత అబద్ధమే. అబ్బాయిలు కలిపి చెబుతారు, అమ్మాయిలు దాచి చెబుతారు. కానీ మొత్తం తేడాను దానికే అంటగట్టడం తప్పు. అబ్బాయి భాగస్వామి అదే వయసు పెళ్లికాని అమ్మాయే అయి ఉండాలన్న షరతు ఏమీ లేదు. వయసులో పెద్దావిడ కావచ్చు, పెళ్లయినావిడ కావచ్చు, సెక్స్ వర్కర్ కావచ్చు, మరో అబ్బాయి కావచ్చు. ఒకే స్త్రీ దగ్గరికి అనేకమంది వెళ్తే అటువైపు లెక్క ఒకటే, ఇటువైపు చాలా.

జనం తరచూ మర్చిపోయే సంగతి ఇంకొకటి ఉంది: అమ్మాయిలకు పెళ్లి తొందరగా అవుతుంది. 18, 19 ఏళ్లకు పెళ్లయిన అమ్మాయికి పెళ్లికి ముందు అనే కాలమే రెండు మూడేళ్లు. అబ్బాయికి అది ఎనిమిది పదేళ్లు. ఎవరు ఎంత కాలం పెళ్లి కాకుండా ఉన్నారో చూడకుండా శాతాలు పోల్చకూడదు. చెన్నైకి వచ్చి చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న అమ్మాయిల విషయంలో ఆ కాలం పొడుగు మారిపోయింది. పెళ్లి వయసు వెనక్కి జరగడం కూడా సామాజిక ప్రభావమే, ఫోన్ల గురించి మాట్లాడినంతగా దాని గురించి ఎవరూ మాట్లాడరు.

గణాంకాల_గంగాధరం

దీనికే ఇంకో ముక్క కలుపుతాను. మొదటి అనుభవం ఏ వయసులో అని అడిగి, అవునన్నవాళ్ల వయసుల సగటు వేసేస్తారు పిల్లలు. తప్పు. 18 ఏళ్ల కుర్రాడు లేదన్నాడంటే ఇంకా లేదని అర్థం, రేపు 22లో కావచ్చు. వాడిని లెక్కలోంచి తీసేస్తే సగటు ఎప్పుడూ కిందికే వస్తుంది, "ఈ తరం మరీ చిన్న వయసులోనే" అని పేపర్లో శీర్షిక పడుతుంది. సర్వైవల్ పట్టిక వేయండి: ప్రతి వయసుకూ, ఆ వయసు దాటినవాళ్లలో ఎంతమందికి అప్పటికి అనుభవం లేదన్నది. ఏ ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్‌లోనైనా కాప్లాన్–మేయర్ అని ఉంటుంది.

కవరు పద్ధతి మీద కూడా నమ్మకం కుదరని హాస్టల్ ఉంటే క్రాస్‌వైజ్ పద్ధతి ఉంది. కాగితం మీద రెండు వాక్యాలు ఇస్తారు. ఒకటి: "మా అమ్మ ఫోన్ నంబరు చివరి అంకె 1 లేదా 2." రెండు: "నాకు లైంగిక అనుభవం ఉంది." ఏది నిజమో చెప్పక్కర్లేదు. "రెండూ ఒకటే", అంటే రెండూ నిజం లేదా రెండూ కాదు. లేదంటే "ఒకటి మాత్రమే నిజం". ఈ రెంటిలో ఒకటి టిక్ పెడితే చాలు. ఆ కాగితం చూసి ఎవరి సంగతీ ఎవరూ చెప్పలేరు, మీరు కూడా.

లెక్క ఇలా. చివరి అంకె 1 లేదా 2 అయ్యే అవకాశం 0.2. ఉదాహరణకు "రెండూ ఒకటే" అన్నవాళ్లు 68 శాతం అనుకోండి. 0.68కి 0.2 కలిపి 1 తీసేస్తే మైనస్ 0.12. దాన్ని మైనస్ 0.6తో భాగిస్తే 0.2, అంటే 20 శాతం మందికి అనుభవం ఉంది. కింద ఉన్న ఆ మైనస్ 0.6 ఎక్కడిదంటే, 0.2ను రెట్టింపు చేసి 1 తీసేయగా వచ్చింది. దీనికి కట్టే ధర ఏమిటంటే పొరపాటు పరిధి పెరుగుతుంది: 400 మందిని నేరుగా అడిగితే 20 శాతానికి అటూ ఇటూ 4, ఈ పద్ధతిలో దాదాపు 8.

చాలామంది ఇక్కడ "అమ్మ పుట్టిన నెల" వాడతారు. మన దగ్గర అది పనికిరాదు. పాతతరంలో బడిలో వేసేటప్పుడు రాయించిన తేదీలే ఎక్కువ, జూన్, జూలైలలో గుట్టగా పడతాయి, నెలల వాటా సమానంగా ఉండదు. ఇక నాణెం ఎగరేసి బొమ్మ పడితే "అవును" అనమనే పాత పద్ధతిలో, బొమ్మ పడినా అవును అనడానికి అమ్మాయిల చెయ్యి రాదు. అక్కడే లెక్క చెడిపోతుంది.

గేటు_తొమ్మిదింటికి

హాస్టళ్ల నిర్వహణ వైపు నుంచి చెబుతున్నా. "ఉంటున్న చోటు" అని ఒక్క గడి పెట్టారు, దాన్ని విడగొట్టండి. చూడాల్సినవి: గదిలో ఎంతమంది, గేటు మూసే వేళ, రాత్రి బయట ఉండాలంటే ఇంటికి ఫోన్ చేసి అడుగుతారా లేక రిజిస్టరులో సంతకం చాలా, బయటివాళ్లను లోపలికి రానిస్తారా, ఇల్లు ఎన్ని గంటల ప్రయాణం, నెలకు చేతిలో మిగిలే డబ్బు, అదే ఊరివాళ్లు అదే భవనంలో ఉన్నారా.

ఆఖరిది చిన్నదనుకోకండి. పల్లెలో మనిషిని ఆపేది చాలాసార్లు నీతి కాదు, ఎవరో ఒకరు చూస్తారన్న బెదురు. నగరానికి వచ్చాక అది పోతుందంటారు. మన తెలుగు పీజీల్లో పూర్తిగా పోదు: సీనియర్ అదే మండలం వాడు, వంటమనిషి పక్క ఊరావిడ, ఓనరు బంధువు ఒకాయన కుర్రాడి మేనమామకు తెలుసు. అంటే దూరం కిలోమీటర్లలో అడిగితే సరిపోదు, "మీ సంగతి మీ ఇంటికి చేరవేయగలవాళ్లు ఈ భవనంలో ఎంతమంది" అని అడగాలి.

తొమ్మిదింటి గేటు ఏదో ఆపుతుందని తల్లిదండ్రులు అనుకుంటారు. అది వేళను మారుస్తుంది, అంతే. మధ్యాహ్నానికి గేటు ఉండదు. పైగా గేటు దాటిపోయిన అమ్మాయి, హాస్టల్‌కు ఫోన్ చేసి తిట్లు తినడం కంటే ఎక్కడో ఉండిపోవడమే నయమనుకునే పరిస్థితి వస్తుంది. ఆలస్యమైతే జరిమానా వేస్తారా, లోపలికి రానివ్వరా, ఇంటికి చెబుతారా అన్నది విడిగా అడగండి. మూడింటి ఫలితం మూడు రకాలు.

గణాంకాల_గంగాధరం

హాస్టల్ వాళ్లు దొరికారు కాబట్టి ఒక్క మాట: గదుల కేటాయింపు ఎలా జరుగుతుంది? చేరిన క్రమంలోనా, కోరుకున్నవాళ్లతోనా?

స్నేహితుల ప్రభావం కొలవడంలో అసలు చిక్కు ఇది. ఒకే రకం వాళ్లు స్నేహితులవుతారు. అయిదుగురు స్నేహితులకు అనుభవం ఉంది, వీడికీ ఉంది అంటే వాళ్లు వీడిని మార్చారా, లేక ఇలాంటివాడు కాబట్టే వాళ్లతో చేరాడా? లేదంటే అందరూ ఒకే వీధిలో, ఒకే జీతంతో, ఒకే స్వేచ్ఛతో ఉండటం వల్ల ఒకేలా ప్రవర్తిస్తున్నారా? ఆర్థికవేత్త చార్లెస్ మాన్‌స్కీ 1993లో దీనికి రిఫ్లెక్షన్ సమస్య అని పేరు పెట్టారు: అద్దంలో బొమ్మ, మనిషి కలిసి కదులుతుంటే ఎవరు ఎవర్ని కదిలిస్తున్నారో చూసి చెప్పలేం. ఒక్కసారి చేసిన సర్వేతో ఈ మూడింటినీ విడదీయడం కుదరదు.

గదులు చేరిన క్రమంలో ఇచ్చే హాస్టల్ దొరికితే అదృష్టం. అక్కడ గదిసావాసి ఎవరో ఎవరి ఎంపికా కాదు. చేరిన కొత్తలో ఒకసారి, ఆరు నెలల తర్వాత ఇంకోసారి అడిగితే, గదిసావాసి వల్ల వచ్చిన మార్పు కొంతైనా విడిగా కనిపిస్తుంది. రెండు సార్ల కాగితాలు జత చేయడానికి పేరు, ఫోన్ నంబరు రాయించకండి. అమ్మమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీలో రోజు, చదివిన మొదటి బడి ఊరిలో మొదటి అక్షరం, ఈ మూడూ కలిపి వాళ్లే ఒక గుర్తు రాసుకుంటారు.

గేటు_తొమ్మిదింటికి

కాలేజీ హాస్టళ్లలో మొదటి ఏడాది క్రమంలోనే ఇస్తారు, రెండో ఏడాది నుంచి ఎవరి జట్టు వాళ్లది. పీజీల్లో ఏ మంచం ఖాళీ అయితే అది.

గణాంకాల_గంగాధరం

ఖాళీ మంచమే కావాలి. పీజీలే ఎక్కువ తీసుకోండి.

మాటకారి_కౌన్సెలర్

ఇంటి గురించి మీ చిత్తులో ఉన్నది ఒక్కటే ప్రశ్న: తల్లిదండ్రులు కఠినంగా ఉంటారా? దీంట్లో రెండు వేర్వేరు సంగతులు ఇరుక్కున్నాయి. ఒకటి నిఘా: ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు. ఇంకొకటి దగ్గరితనం: తేడా వస్తే ముందు ఎవరికి చెబుతావు. అమెరికాలో యాడ్ హెల్త్ పేరుతో జరిగిన పెద్ద అధ్యయనం 1997లో వెలువరించిన ఫలితాల్లో, ఇంటితో దగ్గరితనం ఉన్న పిల్లలు లైంగిక జీవితం ఆలస్యంగా మొదలుపెట్టినట్టు కనిపించింది. మన ఇళ్లలో నిఘా నిండుగా ఉంటుంది, మాట ఉండదు. అమ్మ చెప్పేది నెలసరి గురించి, అదీ దూరంగా కూర్చోమని. నాన్న అసలు చెప్పడు. కాబట్టి విడివిడిగా అడగండి: "గర్భం రాకుండా చూసుకోవడం గురించి ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా మాట్లాడారా?", "ప్రేమ వ్యవహారం బయటపడితే మొదట ఏం జరుగుతుంది: మాట్లాడతారా, ఫోన్ లాక్కుంటారా, చదువు మాన్పిస్తారా, సంబంధం చూస్తారా, కొడతారా?" చెప్తే పిల్లలు చెడిపోతారన్న భయానికి ఆధారం లేదు, లైంగిక విద్య వల్ల సంబంధాలు తొందరగా మొదలవవని యునెస్కో 2018 మార్గదర్శకాలు అధ్యయనాలన్నీ సమీక్షించి చెప్పాయి. మన పక్కనున్న కర్ణాటక 2007లో బడుల్లో ఆ పాఠాలు వద్దంది, అది వేరే కథ.

మీ 40 ప్రశ్నల్లో పూర్తిగా లేనిది ఇష్టం. "అనుభవం ఉందా" అనేది అవును, కాదుతో తేలే ప్రశ్న కాదు. అవునన్నవాళ్లకు ఇంకో నాలుగు గడులు పెట్టండి: నాకూ ఇష్టమే, మనసొప్పకపోయినా ఒప్పుకున్నాను, బతిమాలో బెదిరించో ఒప్పించారు, బలవంతం చేశారు. రెండో గడి అన్నిటికన్నా ముఖ్యం. స్నేహితుల ప్రభావం, వదిలేస్తాడేమోనన్న భయం, "ప్రేమ ఉంటే నిరూపించు" అనే ఒత్తిడి ఎక్కువగా బయటపడేది అక్కడే. అబ్బాయిలను కూడా ఇదే అడగండి. గదిలో అందరి ముందూ పౌరుషం నిలబెట్టుకోవడానికి వెళ్లినవాళ్లు అబ్బాయిల్లో ఉంటారు, వాళ్లను ఎవరూ అడగరు.

నాలుగో గడి నొక్కినవాళ్లకు సర్వే అక్కడే వదిలేయకూడదు. ఎవరు నొక్కారో మీకు తెలియదు కాబట్టి అందరికీ ఒకే చీటీ ఇవ్వండి: మహిళా హెల్ప్‌లైన్ 181, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416, హెచ్ఐవీ సమాచారానికి 1097. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. చీటీ పర్సులో పట్టేంత చిన్నగా, పైన సర్వే పేరు లేకుండా అచ్చువేయించండి. గదిసావాసి చూస్తే ఇదేమిటని అడగకుండా ఉండాలి.

శివారు_రాముడు

ఇన్ని లెక్కలెందుకండీ, ఫోనూ నెట్టూ వచ్చాకే ఇదంతా. అందరికీ తెలిసిందేగా.

మాటకారి_కౌన్సెలర్

రాముడు గారూ, ఫోన్లో అలాంటివి చూసేవాడికి సంబంధం ఉందని తేలినా, ఏది ముందో తెలియదు. ఆసక్తి ఉన్నవాడే రెండూ చేస్తున్నాడేమో. కాబట్టి "మొదట చూసినప్పుడు వయసెంత", "మొదటి అనుభవానికి వయసెంత" రెండూ విడిగా అడగాలి. పైగా ఫోను పోర్న్‌కే కాదు, డేటింగ్ యాప్‌కీ, ఊళ్లో ఉన్న ప్రేమికుడితో రాత్రంతా మాట్లాడటానికీ, గర్భనిరోధక మాత్ర గురించి వెతకడానికీ కూడా. నాలుగు వాడకాలు, నాలుగు ప్రశ్నలు.

నల్లకోటు

న్యాయపరంగా చూడాల్సినవి చెబుతాను, ఇవి తప్పితే సర్వే కోర్టు మెట్లెక్కుతుంది.

పెళ్లికాని ఇద్దరు వయోజనులు ఇష్టపడి కలవడం నేరం కాదు. ఇది చెన్నైలోనే రగిలి తేలిన సంగతి. 2005లో నటి ఖుష్బూ ఒక పత్రిక సర్వే సందర్భంగా పెళ్లికి ముందు సంబంధాల మీద అన్న మాటలకు ఆమె మీద 23 ఫిర్యాదులు పడ్డాయి. సుప్రీంకోర్టు 2010 ఏప్రిల్ 28న అన్నిటినీ కొట్టేసింది. 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టు, పెళ్లికాని జంట హోటల్ గదిలో ఉండకూడదని ఏ చట్టమూ లేదని కోయంబత్తూరు కేసులో చెప్పింది. అయినా చాలా లాడ్జీల్లో పెళ్లి ఆధారం అడుగుతారు. చట్టం ఒకటి, కౌంటరు దగ్గర మనిషి ఇంకొకటి.

18 లోపు అయితే అంతా మారిపోతుంది. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 2012 ప్రకారం ఇద్దరికీ ఇష్టమే అన్నా లెక్కలోకి రాదు. సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు. కాబట్టి ట్యాబు మొదటి తెరలోనే పుట్టిన సంవత్సరం, నెల అడిగి 18 నిండనివాళ్లకు సర్వే ఆగిపోవాలి. "వయసెంత" అని అడిగితే 17 ఏళ్లవాడు 18 అనేస్తాడు.

ఇక్కడ మీరెవరూ చూడని గుంట ఇంకొకటి ఉంది. 22 ఏళ్ల అమ్మాయి మొదటి అనుభవం 16లో అని గుర్తుపెడితే? ఎవరన్నది మీకు తెలిస్తే చెప్పాలా వద్దా అన్న ప్రశ్న లేస్తుంది. పేరు, గది నంబరు, ఐపీ అడ్రసు, జవాబు పెట్టిన గంట నిమిషం ఏవీ నిల్వ ఉండకూడదు. ఈ విషయం ఎథిక్స్ కమిటీకి ముందే రాతలో పెట్టి, రాతలోనే జవాబు తీసుకోండి.

భాగస్వామి పేరు, కంపెనీ, కులం పక్కపక్కన అడగకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 69 ప్రకారం నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి మాట ఇచ్చి సంబంధం పెట్టుకుంటే పదేళ్ల వరకు శిక్ష. ఎవరో కేసు వేసి మీ కాగితాలు తెప్పించమంటే, మీ దగ్గర తెప్పించడానికి పనికొచ్చేవి ఉండకూడదు. "మీ కులమేనా, వేరే కులమా" అనే గడి చాలు.

కౌంటర్_వెనక

ప్రభావం ప్రభావం అంటున్నారు, మెడికల్ షాపు ప్రభావం ఎవరూ రాయలేదు. అత్యవసర గర్భనిరోధక మాత్ర, లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, డాక్టరు చీటీ లేకుండా అమ్మవచ్చు. తమిళనాడులో దాని మీద నిషేధం లేదు. అయినా చెన్నైలో చాలా షాపులు తెప్పించవు, అడిగితే "ఇల్లె" (లేదు) అంటారు. బెంగళూరులో ఏ వీధి చివరైనా దొరికేది ఇక్కడ నాలుగు షాపులు తిరిగినా దొరక్కపోవచ్చు. దొరికేసరికి గంటలు గడిచిపోతాయి, మాత్ర పనిచేసేదేమో ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా. అందుకే బెంగళూరు మిత్రుల ద్వారానో, ఊరి నుంచి వస్తూ వస్తూనో తెచ్చి దాచుకుంటారు. ఈ దాచుకున్న మాత్రలు గదిలో అందరివీ అవుతాయి, వాటితో పాటు తప్పుడు సలహాలు కూడా.

కండోమ్ అడగడానికి జంకు వేరే. కౌంటరు దగ్గర ఆడవాళ్లు నిలబడి ఉంటే కుర్రాడు దగ్గు మందు కొనుక్కుని వెళ్లిపోతాడు. అడ్డుపడినదేమిటో సర్వేలో పెట్టండి: షాపులో లేదు, అడగలేకపోయాను, ధర, భాగస్వామి వద్దన్నారు, వాడాలనిపించలేదు. తమిళం రాకపోవడం కూడా ఒక గడి.

లేబర్‌రూం_డాక్టర్

ఆ తప్పుడు సలహాల పట్టికే మీ సర్వేలో పరిజ్ఞానం భాగం అవ్వాలి. స్నేహితుల ప్రభావం మంచిదా చెడ్డదా అన్నది వాళ్లు చెప్పే సమాచారాన్ని బట్టి ఉంటుంది. తప్పు, ఒప్పు, తెలియదు అనే మూడు గడులతో ఇవి అడగండి:

అత్యవసర మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి (ఒప్పు). అప్పటికే నిలిచిన గర్భాన్ని అది పోగొడుతుంది (తప్పు, అది అండం విడుదలను వాయిదా వేస్తుంది, అంతే). వేసుకున్న రెండు గంటల్లో వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి (ఒప్పు). ఒకసారి వేసుకుంటే ఆ నెలంతా రక్షణ (తప్పు, దీన్ని నమ్మినవాళ్లే ఎక్కువగా చిక్కుల్లో పడతారు). మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ దాని బలాన్ని తగ్గిస్తాయి (ఒప్పు). కొబ్బరినూనె రాస్తే కండోమ్ చిరగదు (తప్పు, నూనె లేటెక్స్‌ను దెబ్బతీస్తుంది). పర్సులో నెలల తరబడి పెట్టుకున్నా ఫర్వాలేదు (తప్పు, వేడికి, ఒరిపిడికి పాడవుతుంది). రెండు కండోమ్‌లు ఒకదాని మీద ఒకటి వేస్తే రెట్టింపు రక్షణ (తప్పు). నెలసరి వారం ఆలస్యమైతే, లేదా సంబంధం జరిగి మూడు వారాలు దాటితే మూత్ర పరీక్ష చేసుకోవాలి (ఒప్పు).

అయిదు రోజుల్లోపు కాపర్ టీ వేయించుకుంటే అది మాత్ర కంటే నమ్మకమైనదని మన అమ్మాయిలకు ఎవరూ చెప్పరు. పెళ్లి కాలేదని వేయడానికి వెనకాడే క్లినిక్కులు ఉన్నాయి, అదీ ఒక సామాజిక ప్రభావమే.

గర్భస్రావం విషయంలో చాలామందికి తెలియనివి: 2021 సవరణ తర్వాత ఎంటీపీ చట్టంలో "భర్త" స్థానంలో "భాగస్వామి" వచ్చింది. పెళ్లికాని స్త్రీకి కూడా 24 వారాల వరకు సమాన హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం, ఆ తర్వాత 24 దాకా ఇద్దరిది. 18 నిండిన ఆమెకు తన సంతకం ఒక్కటే చాలు. తల్లిదండ్రులను తెమ్మని, అబ్బాయిని తెమ్మని అడిగే ఆసుపత్రులు చట్టంలో లేనిది అడుగుతున్నాయి. పేరు బయటపెట్టడం అదే చట్టం కింద నేరం. షాపులో మాత్రలు కొని సొంతంగా వేసుకునేవాళ్లలో గర్భం ట్యూబులో ఉన్న సంగతి తెలియక ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లు ఉంటారు. స్కాన్ లేకుండా అది పట్టుకోవడం కష్టం.

ఒక పక్కమాట. మన దేశంలో హెచ్ఐవీని మొదట కనిపెట్టింది ఈ ఊళ్లోనే, 1986లో, డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల. ఆ తర్వాత ఈ విషయం జనంలోకి వచ్చిందే రోగం, చావు అనే భయంతో. ఇప్పటికీ కాలేజీల్లో ఈ పాఠం ఎయిడ్స్ దినం నాడు మాత్రమే వినిపిస్తుంది. మీ సర్వేలో "ఈ విషయాలు మొదట ఎక్కడ విన్నారు" అన్న ప్రశ్నకు ఎయిడ్స్ పోస్టరు అనే గడి కూడా పెట్టండి.

వేపచెట్టు

డాక్టరు గారూ, హెచ్ఐవీ భయం పట్టుకున్నవాళ్లు మర్నాడే పరీక్షకు పరిగెత్తుతారు. అది కూడా ఆ పట్టికలో చేర్చవచ్చా?

లేబర్‌రూం_డాక్టర్

చేర్చండి. మర్నాడు చేస్తే నెగటివే వస్తుంది, దానికి అర్థం లేదు. ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్షకు 45 రోజులు, వేలి చుక్కతో చేసే యాంటీబాడీ పరీక్షకు 90 రోజులు ఆగితేనే నమ్మవచ్చు. మర్నాడు పరిగెత్తాల్సింది పరీక్షకు కాదు, పెప్ మందులకు, అంటే వైరస్ సోకకుండా ముందుజాగ్రత్తగా వాడేవాటికి: 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి.

పెరుంగుడి_పంతులు

చాలా థాంక్స్ అందరికీ. మార్చినవి: ముఖాముఖి పోయి ఆడియో ట్యాబు, 490 మంది, పాతిక హాస్టళ్లు, పీజీలే ఎక్కువ, మంగళ బుధ రాత్రులు. "ప్రభావం ఎంత" ప్రశ్న పోయి అయిదుగురు స్నేహితుల ప్రశ్నలు రెండు వచ్చాయి. ఇష్టానికి నాలుగు గడులు, పరిజ్ఞానానికి పది ప్రశ్నలు, షాపు అడ్డంకులు. 40 ప్రశ్నలు 58 అయ్యాయి. ఇది ఎక్కువా?

ఎర్రగోతం

ఆడియోలో ప్రశ్నకు పాతిక సెకన్లు వేసుకున్నా 24 నిమిషాలు. 20 దాటితే చివరి ప్రశ్నలకు వరసగా ఒకే గడి నొక్కుతూ పోతారు. ఫోన్ గురించినవాటిలో ఆ నాలుగు ప్రశ్నలు ఉంచి మిగతావి తీసేయండి, కులం, ఆదాయం చివరికి నెట్టండి. అసలు ప్రశ్నలు ఏడో నిమిషం దగ్గర రావాలి. మరీ మొదట్లో పెడితే బెదురుతారు, చివర పెడితే విసుగొచ్చి ఉంటారు.

గణాంకాల_గంగాధరం

అయిదుగురు స్నేహితుల ప్రశ్న మాత్రం సొంత అనుభవం ప్రశ్న కంటే ముందు రావాలి. తన గురించి అవునన్నాక స్నేహితుల అంకె పెంచి చెబుతారు, తన ఒక్కడిదే కాదన్నట్టు. వీలైతే సగం ట్యాబుల్లో ఆ వరస తిప్పి పెట్టి చూడండి, ఎంత పెరుగుతుందో అదీ తెలుస్తుంది. ముందు 30 మందితో ప్రయోగించండి, వాళ్లను అసలు లెక్కలో కలపకండి.

గేటు_తొమ్మిదింటికి

హాస్టల్ ఓనర్ల అనుమతి లేఖలో సర్వే పేరు "యువత ఆరోగ్యం, జీవనం" అని రాయండి, కానీ లోపల ఏం అడుగుతున్నారో ఓనరుకు మాత్రం దాచకుండా చెప్పండి. సగంలో తెలిసి ఆపించేస్తే ఆ హాస్టల్ డేటా మొత్తం పోతుంది. ఫలితాల్లో తమ హాస్టల్ పేరు, వీధి పేరు రావని రాతలో ఇస్తే చాలామంది ఒప్పుకుంటారు. లేడీస్ హాస్టళ్లకు వెళ్లేది అమ్మాయిల బృందమే అయి ఉండాలి, మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా.